బోటు బయల్దేరక ముందు

సముద్రం మీద తుఫాను రేగినప్పుడు అందరూ ఒడ్డుకి చేరుకోవాలని చూస్తారు. ఆ వేళలోనే కొందరు ఒడ్డు వదిలి లోపలికి వెళ్తారు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆపదలో ఉన్నారని వెళ్తారు. వాళ్లని వీరులంటాం. అనాలి కూడా. కానీ వీరులని చెప్పి, దండ వేసి, నాలుగు మంచి మాటలు పలికి ఊరుకుంటే మన పని సగమే అయింది. వాళ్లు అసలు ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? గాలి ఇంకా ముదరకముందు, రక్షణ బోటు ఇంకా బయల్దేరకముందు, ఎవరు ఏ నిర్ణయం తీసుకోలేక తటపటాయించారు? ఆ గంటల గురించి అడగడం కూడా ఆ వీరులకి మనం చేయాల్సిన గౌరవంలో భాగమే. ఇదే ఈ వేళ నా వాదన. మూడు దేశాల్లో జరిగిన సంగతులు చెప్పి, చివరికి మన తీరానికి వస్తాను.

ముందు ఇంగ్లండ్ వెళ్దాం. ఆ దేశానికి నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. అక్కడ మౌజల్ అని ఒక చిన్న చేపల రేవు. 1981 డిసెంబర్ 19. క్రిస్మస్ ఇంకా ఆరు రోజులుంది. ఆ సాయంత్రం యూనియన్ స్టార్ అనే సరుకు ఓడ ఆ తీరానికి దగ్గర్లో ఇంజన్ ఆగిపోయి చిక్కుకుంది. కొత్త ఓడ. అదే దాని మొదటి ప్రయాణం. హాలండ్ నుంచి ఐర్లండ్‌కి ఎరువు తీసుకెళ్తోంది. ఇంధనంలో సముద్రపు నీరు కలిసిపోవడంతో ఇంజన్ ఎంత ప్రయత్నించినా మళ్లీ నడవలేదు. ఓడలో మొత్తం ఎనిమిది మంది. అయిదుగురు సిబ్బంది. మిగతా ముగ్గురూ కెప్టెన్ భార్య, ఆమె ఇద్దరు కూతుళ్లు. పండగ అందరూ కలిసి చేసుకోవచ్చని కెప్టెన్ వాళ్లని దారిలో ఎక్కించుకున్నాడు. బయట పెనుగాలి. అలలు 60 అడుగుల దాకా లేస్తున్నాయి. ఓడ రాళ్ల ఒడ్డు వైపు కొట్టుకొస్తోంది. నౌకాదళం హెలికాప్టర్ వచ్చింది. పైనుంచి తాడు దించి ఒక్కొక్కరినీ లాగాలని చూసింది. ఓడ స్తంభం ఎటు ఊగుతుందో తెలియదు. కొంచెం కిందికి దిగితే రెక్కలకి తగులుతుంది. ఆ గాలికి తాడు ఒకచోట నిలవదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదు. ఇక మిగిలింది లైఫ్‌బోటు.

బ్రిటన్‌లో లైఫ్‌బోట్లు నడిపేది ప్రభుత్వం కాదని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1824లో పుట్టిన ఒక స్వచ్ఛంద సంస్థ వాటిని ప్రజల చందాలతో నడుపుతుంది. బోటెక్కేవాళ్లలో ఎక్కువమంది ఊరి మనుషులే. జీతం ఉండదు. ఆ రాత్రి కబురందగానే మౌజల్ ఊళ్లో మనుషులు పరిగెత్తుకొచ్చారు. చేపలు పట్టేవాళ్లున్నారు. టెలిఫోన్ ఇంజనీరు ఒకాయన. ఊళ్లో పబ్బు నడిపే ఆయన ఒకరు. బోటు నడిపే పెద్ద పేరు ట్రెవెల్యన్ రిచర్డ్స్. మన రేవుల్లో సరంగు అంటామే, ఆ స్థానం ఆయనది. వచ్చినవాళ్లలోంచి ఆయన ఏడుగురిని ఎంచుకున్నాడు. అక్కడ ఒక పదిహేడేళ్ల కుర్రాడు కూడా ఉన్నాడు. నేనూ వస్తానన్నాడు. వాళ్ల నాన్న అప్పటికే బోటులో ఉన్నాడు. ఇలాంటి రాత్రి ఒకే ఇంటినుంచి ఇద్దరిని తీసుకెళ్లనని రిచర్డ్స్ ఆ కుర్రాణ్ని ఒడ్డునే ఆపేశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. ఎనిమిది దాటాక సాలమన్ బ్రౌన్ అనే ఆ చెక్క బోటు సముద్రంలోకి జారింది.

తర్వాత జరిగింది హెలికాప్టర్‌లో ఉన్నవాళ్లు చూశారు. బోటు ఓడ పక్కకి వెళ్తుంది. అల వచ్చి దూరంగా విసిరేస్తుంది. మళ్లీ వెళ్తుంది. ఒకసారి అల బోటుని ఎత్తి ఓడ డెక్కు మీదనే పడేసింది. అక్కడినుంచి జారి నీళ్లలో పడింది. అయినా మళ్లీ ఓడ పక్కకి వెళ్లింది. చివరికి రేడియోలో బోటు నుంచి కబురొచ్చింది. నలుగురిని దించుకున్నామని. ఆ మాట మధ్యలోనే ఆగిపోయింది. ఒడ్డునుంచి కోస్ట్‌గార్డ్ పిలుస్తూనే ఉంది. జవాబు లేదు. బోటులో ఎనిమిది మంది, ఓడలో ఎనిమిది మంది. పదహారు మందిలో ఒక్కరూ మిగల్లేదు. హెలికాప్టర్ నడిపిన అమెరికన్ అధికారి, అంత ధైర్యం తన జీవితంలో ఎన్నడూ చూడలేదని తర్వాత చెప్పాడు. రిచర్డ్స్‌కి బంగారు పతకం, మిగతా ఏడుగురికీ కంచు పతకాలు ఇచ్చారు. ఇంతవరకు అందరూ చెప్పుకునే కథ.

ఇప్పుడు ఆ రాత్రిలోనే కొన్ని గంటలు వెనక్కి వెళ్దాం. యూనియన్ స్టార్‌కి దగ్గర్లోనే ఒక డచ్ టగ్గు ఉంది. తాడు కట్టి లాక్కెళ్తానని అది ముందుకొచ్చింది. కెప్టెన్ మొదట వద్దన్నాడు. ఎందుకు? సముద్రం మీద ఒక పాత ఆచారం ఉంది. మనుషుల ప్రాణాలు కాపాడినందుకు రుసుం అడగరు. ఓడనీ సరుకునీ కాపాడితే మాత్రం రుసుం ఉంటుంది. ఆ టగ్గు అడిగింది లాయిడ్స్ ఒప్పందం ప్రకారం. ఓడ దక్కకపోతే ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు. దక్కితే, దాని విలువని బట్టి ఎంత ఇవ్వాలో తర్వాత మధ్యవర్తి తేలుస్తాడు. ఎంతవుతుందో ముందు ఎవరికీ తెలియదు. సొంత ఓడ కాదు. యజమానుల ఓడ. ఇంజన్ మళ్లీ నడుస్తుందేమోనన్న ఆశ ఒకటి. కెప్టెన్ యజమానులని సంప్రదించాడు. తర్వాత సరేనన్నాడు. అప్పటికి సముద్రం మితిమీరిపోయింది. టగ్గు చేయగలిగిందేమీ మిగల్లేదు. గమనించండి. సాయం దగ్గర్లోనే ఉంది. దాని ధర ఎంతో తెలియకపోవడం దగ్గర విలువైన కాలం గడిచిపోయింది. ఆ తటపటాయింపు ఒక బాకీగా మిగిలింది. ఆ బాకీ తీర్చడానికి వెళ్లినవాళ్లు, ఆ ఓడతో గానీ ఆ ఎరువుతో గానీ ఏ సంబంధమూ లేని మౌజల్ మనుషులు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. న్యాయమైన అభ్యంతరమే. చనిపోయిన కెప్టెన్ మీద నేరం మోపడం ధర్మమా అని అడుగుతారు. ఆయన తన భార్యతో, పిల్లలతో పాటు పోయాడు. అధికారిక విచారణ కూడా జరిగింది. గాలివానే కారణం, ఇంధనంలో కలిసిన నీరే కారణం అని తేల్చింది. నేను ఆ తీర్పుని కాదనడం లేదు. ఆ కెప్టెన్ చేసింది ఆ వృత్తిలో ఎవరైనా చేసేదే. అందుకే నాకది మరింత బాధాకరంగా కనిపిస్తుంది. తప్పు ఒక మనిషిదైతే ఆ మనిషితో పోతుంది. ఏర్పాటే అలా ఉంటే, రేపు ఇంకో ఓడ మీద ఇంకో కెప్టెన్ అదే గాలిలో, అదే లెక్క వేసుకుంటూ నిలబడతాడు. రేపు ఇంకో ఊరినుంచి ఇంకో బోటు బయల్దేరుతుంది. నేను అడుగుతున్నది మనిషిని నిలదీయమని కాదు. ఆ లెక్క కెప్టెన్ నెత్తిన, ఆ గంటలో, ఒంటరిగా ఎందుకు పెట్టారని అడగమంటున్నాను.

ఇంకో తీరం చూద్దాం. ఈసారి కాస్త ఊరట ఉన్న కథ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, కేప్ కాడ్ అనే చోటు. 1952 ఫిబ్రవరి 18. మంచు తుఫాను. పెండిల్టన్ అనే చమురు ట్యాంకర్ నట్టనడుమకి రెండు ముక్కలైంది. అదే రోజు, అదే తీరంలో, అదే రకం ఇంకో ట్యాంకర్ ఫోర్ట్ మెర్సర్ కూడా రెండు ముక్కలైంది. చాటమ్ అనే ఊరి కోస్ట్‌గార్డ్ స్టేషన్ నుంచి నలుగురు కుర్రాళ్లు 36 అడుగుల చిన్న బోటులో బయల్దేరారు. నడిపేవాడు బెర్నార్డ్ వెబర్. రేవు ముఖాన ఇసుక మేట ఉంటుంది. అలలు అక్కడే విరుగుతాయి. ఆ మేట దాటుతుంటే అల కొట్టి ముందు అద్దం పగిలింది. దిక్సూచి కొట్టుకుపోయింది. చీకట్లో, మంచులో, దిక్కు తెలియకుండా వెతుక్కుంటూ వెళ్లి ఆ విరిగిన ఓడ వెనక సగాన్ని పట్టుకున్నారు. పైనుంచి తాళ్ల నిచ్చెన వేశారు. ఒక్కొక్కరే దిగుతున్నారు. బోటు అలతో పైకి లేచినప్పుడు దూకాలి. క్షణం అటూ ఇటూ అయితే నీళ్లలో పడతారు. ఆ భాగంలో ఉన్న 33 మందిలో ఒకాయన దక్కలేదు. 32 మందిని అంత చిన్న బోటులో కుక్కుకుని ఒడ్డుకి తెచ్చారు. తనకొక్కడికే బంగారు పతకం ఇస్తానంటే వెబర్ ఒప్పుకోలేదు. నలుగురికీ ఇస్తేనే తీసుకుంటానన్నాడు. నలుగురికీ ఇచ్చారు. దీని మీద 2016లో సినిమా కూడా వచ్చింది.

బాగుంది. మరి ఓడ ఎందుకు విరిగింది? తుఫాను కదా అంటారు. తొమ్మిదేళ్ల ముందు, 1943 జనవరిలో, ఓరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ రేవులో షెనెక్టడీ అనే ట్యాంకర్ ఉండేది. అదీ ఇదే రకం ఓడ. తుఫాను లేదు, అల లేదు. కట్టేసిన చోటే, నిలకడ నీళ్లలో, పెద్ద చప్పుడుతో నడుముకి విరిగిపోయింది. యుద్ధం రోజుల్లో తొందరగా ఓడలు కట్టాల్సి వచ్చి రివెట్లు మానేసి వెల్డింగు చేశారు. ఆ రకం ఉక్కు బాగా చలి పడితే సాగదు, పెళుసై విరుగుతుంది. రివెట్లు కొట్టిన ఓడలో పగులు ఒక రేకు అంచు దగ్గర ఆగుతుంది. వెల్డింగు చేసిన ఓడలో రేకులన్నీ ఒకటే కాబట్టి పగులు ఈ చివరనుంచి ఆ చివరకి పరిగెడుతుంది. అంటే ఈ రకం ఓడలకి చలి పడదని తుఫాను రాకముందే తెలుసు. మళ్లీ చెప్తున్నాను, ముందే తెలుసు. అయినా ఆ ఓడలు చలికాలంలో ఉత్తర అట్లాంటిక్‌లో తిరుగుతూనే ఉన్నాయి. వెబర్ గురించి సినిమా తీశాం. ఆ ఉక్కు గురించి సినిమా ఎవరూ తీయరు. వెబర్ చేతులకి ఆ పని పడింది మాత్రం ఆ ఉక్కు వల్లే.

జరిగాక ఎన్నైనా చెప్పొచ్చు, సముద్రం ముందు మనిషి లెక్కలు పనికిరావు అని మీరనవచ్చు. సబబైన మాటే. 1981 నాటికి గాలి ఎంత ముదురుతుందో చెప్పడం ఇప్పటంత తేలిక కాదు. కాబట్టి మన రోజుల్లోకి వద్దాం. 2021 మే నెల. అరేబియా సముద్రంలో తౌక్తే తుఫాను. వాతావరణ శాఖ రోజుల ముందునుంచీ హెచ్చరిస్తూ వచ్చింది. ముంబైకి పడమరగా, సముద్రంలో బాంబే హై అనే చమురు క్షేత్రం ఉంది. అక్కడ పనిచేసే నావల్లో చాలావాటిని రేవులకి చేర్చారు. కొన్ని ఉండిపోయాయి. అలా ఉండిపోయినవాటిలో పి-305 అనే బార్జి ఒకటి. అది పనివాళ్లు పడుకునే, తినే చోటు. నీటి మీద తేలే బస. దానికి సొంత ఇంజన్ లేదు. లంగరు గొలుసులే దిక్కు. అందులో 261 మంది. మే 17న లంగర్లు పట్టు తప్పాయి. బార్జి కొట్టుకుపోయింది. నీరు చేరింది. ఆ సాయంత్రం మునిగిపోయింది. లైఫ్‌జాకెట్లు వేసుకుని మనుషులు ఆ అలల్లో గంటలకొద్దీ తేలారు. కొన్ని తెప్పలు చిల్లులు పడి పనికిరాలేదని బతికినవాళ్లలో కొందరు చెప్పారు. ఐఎన్ఎస్ కొచ్చి, ఐఎన్ఎస్ కోల్‌కతా మొదలైన నౌకాదళం ఓడలు ఆ తుఫానులోకే వెళ్లాయి. కటిక చీకట్లో, అలల మధ్య ఒక తల కనిపిస్తే దాని దగ్గరికి పెద్ద యుద్ధనౌకని తిప్పాలి. ఓడ తగిలితే ఆ మనిషి పోతాడు. దూరంగా ఉంటే చేయి అందదు. పక్కనుంచి వల నిచ్చెనలు వేలాడదీసి, పైకెక్కే ఓపిక లేనివాళ్లని పట్టి లాగారు. 186 మందిని కాపాడారు. డెబ్బై మందికి పైగా చనిపోయారు. ఆ నావికులు చేసిన పనికి చేతులెత్తి నమస్కరించాలి. కానీ ఇక్కడ ముందు తెలియదు అనే మాట చెల్లదు. తుఫాను వస్తోందని తెలుసు. బార్జికి ఇంజన్ లేదని తెలుసు. లోపల ఎంతమంది ఉన్నారో తెలుసు. ఇన్ని తెలిసిన చోట నిర్ణయం ఎందుకు జరగలేదు? పని ఆగితే రోజుకి ఎంత నష్టమో ఎవరి పుస్తకంలోనో రాసి ఉంటుంది. పని ఆగకపోతే ఏమవుతుందన్న లెక్క ఎక్కడా రాసి ఉండదు.

ఇంకొక అభ్యంతరం ఉంది. ఇది అన్నిటికంటే కష్టమైనది. మౌజల్‌లో ఎనిమిది మంది వెళ్లారు, ఒక్కరినీ ఒడ్డుకి తేలేకపోయారు. మరి వెళ్లకుండా ఉండాల్సిందా? నలుగురు దొరికాక వెనక్కి తిరగాల్సిందా? నాకైతే దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ఓడ మీద ఇంకా మనుషులున్నారు. నలుగురిని తీసుకొచ్చిన చోటికి ఇంకొక్కసారి వెళ్తే మిగతావాళ్లూ వస్తారనిపించడం సహజం. ఒడ్డున కూర్చుని రిచర్డ్స్ లెక్క తప్పనడానికి నాకు నోరు రాదు. కానీ ఒక సంగతి చెప్పగలను. ఆ మనుషులు కన్నుమూసుకుని దూకినవాళ్లు కారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను, ఆ పదిహేడేళ్ల కుర్రాడి సంగతి. అంతకు పన్నెండేళ్ల ముందు, 1969 మార్చిలో, స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో లాంగ్‌హోప్ అనే చోటి లైఫ్‌బోటు ఒక ఓడకి సాయం వెళ్లి బోల్తా పడింది. ఎనిమిది మందీ పోయారు. అందులో ఒక ఇంటినుంచి తండ్రి, ఇద్దరు కొడుకులు. ఇంకో ఇంటినుంచి కూడా తండ్రి, ఇద్దరు కొడుకులు. వాళ్లు కాపాడబోయిన ఓడలోని వాళ్లంతా, ఒడ్డునుంచి తాడు కట్టి లాగితే, క్షేమంగా బయటపడ్డారు. ఇలాంటి రాత్రులు ఏం చేస్తాయో తీరాల్లో అందరికీ తెలుసు. రిచర్డ్స్‌కీ తెలుసు. అందుకే ఒక ఇంటికి ఒక్కడే అన్నాడు. పోవచ్చని తెలిసే ఆ మాట అన్నాడు. అదే రాత్రి పక్క ఊళ్ల లైఫ్‌బోట్లు కూడా బయల్దేరాయి. సెన్నెన్ అనే ఊరి బోటు తీరం కొస దాటలేక వెనక్కి వచ్చింది. దాన్ని ఎవరూ పిరికితనం అనలేదు, అనకూడదు. ఇక ఆ కుర్రాడు, ఒడ్డున ఆగిపోయినవాడు, పెరిగి పెద్దయ్యాక అదే స్టేషన్ లైఫ్‌బోటుకి పెద్ద అయ్యాడు. ఆ ప్రమాదం జరిగిన మర్నాటికే ఊళ్లో కొత్త జట్టుకి సరిపడా మనుషులు ముందుకొచ్చారు. ఇలా ముందుకొచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఉన్నారు కదా అని వాళ్ల ప్రాణాల మీద భారం వేసి మనం నిశ్చింతగా ఉండటం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇప్పుడు మన తీరం. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడ్డ తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్లలో వేటకి వెళ్లిన మగవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. అప్పట్లో బోట్లలో వైర్‌లెస్ సెట్లు అరుదు. ఏ బోటు ఎక్కడుందో తెలిసే దారి లేదు. సాయం వెళ్లడానికి ధైర్యం ఉన్నా, ఎక్కడికి వెళ్లాలి? ఇప్పుడు సంగతి చాలా మారింది. హెచ్చరికలు ముందే వస్తున్నాయి. ఫోన్లున్నాయి, జీపీఎస్ ఉంది, కోస్ట్‌గార్డ్ విమానాలు తిరిగి బోట్లని వెనక్కి పంపుతున్నాయి. అయినా ఒక ముడి ఇంకా విడలేదు. విశాఖ రేవునుంచో కాకినాడనుంచో పెద్ద బోటు పది పదిహేను రోజుల వేటకి వెళ్తుంది. డీజిలు, ఐసు, బియ్యం, వలలు, కలాసీలకి ముందస్తు డబ్బు, అన్నీ అప్పు మీదే. నాలుగో రోజున వెనక్కి రమ్మని కబురొస్తుంది. చేపలు ఇంకా పడలేదు. తిరిగితే ఖాళీ బోటు, కరిగిన ఐసు, మిగిలిన అప్పు. ఇంకో రోజు చూద్దాం, గాలి తప్పిపోతుందేమో అనుకుంటాడు సరంగు. యూనియన్ స్టార్ కెప్టెన్ తటపటాయింపు కూడా ఇలాంటిదే. సాయం ఖరీదు ఎంతో తెలియక ఆయన ఆగాడు. తిరిగొస్తే నష్టం ఎంతో బాగా తెలిసి ఈయన ఆగుతున్నాడు. ఆ రోజు గడిచాక, ఆ బోటుని వెతకడానికి కోస్ట్‌గార్డ్ కుర్రాళ్లు తుఫానులోకి వెళ్తారు.

ఈ ముడి విప్పడానికి ఒక దారి మన దగ్గరే ఉంది. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట నిషేధిస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ రోజులకి మన ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకి భృతి ఇస్తుంది. చేపల సంతతి నిలవడం కోసం మనిషి ఒడ్డున కూర్చుంటే అతనికి కూలి ఇవ్వాలని మనం ఒప్పుకున్నాం. మంచి పని. మరి మనిషి నిలవడం కోసం, తుఫాను హెచ్చరిక విని వేట మధ్యలో తిరిగొచ్చిన బోటుకి, ఆ నష్టంలో ఒక వాటా ఎవరైనా భరిస్తారని ముందే రాసి ఎందుకు పెట్టకూడదు? దుర్వినియోగం అవుతుంది, ఊరికే ఇంట్లో కూర్చుని డబ్బు అడుగుతారు అనేవాళ్లున్నారు. హెచ్చరిక ఏ రోజు, ఏ గంటకి ఇచ్చారో లెక్క ఉంటుంది. బోటు ఏ రోజు రేవు దాటిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో లెక్క ఉంటుంది. ఏడాదిలో అలాంటి రోజులు కొన్నే. ప్రభుత్వం ఇస్తుందా, బీమా ఇస్తుందా, బోటు యజమానుల సంఘం కొంత వేసుకుంటుందా అన్నది రేవులో కూర్చుని, మంచి వాతావరణంలో, ముందే తేల్చుకోవాలి. సరంగు నెత్తిన, ఆ గాలిలో, ఒంటరిగా పెట్టకూడదు. ఈ ఏర్పాటు ఉంటే ఎంతమంది సరంగులు వెంటనే బోటు తిప్పుతారో నేను చెప్పలేను. అందరూ తిప్పకపోవచ్చు. కొందరు తిప్పినా, ఆ రాత్రి కాకినాడనుంచో విశాఖనుంచో బయల్దేరాల్సిన రక్షణ ఓడలు ఆ మేరకు తగ్గుతాయి. వాటిలో వెళ్లేవాళ్లకి కూడా ఇళ్లలో ఎదురుచూసేవాళ్లు ఉన్నారు.